రెండో పేజీతో మొదలయ్యే పుస్తకం

యూదుల పవిత్ర గ్రంథాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. ఒకే సందేహాన్ని చాలామంది రకరకాలుగా అడిగారు, వాటిని కలిపేశాను. ముందే ఒక మాట: నేను యూదురాలిని కాను. జెరూసలేంలో మతాల తులనాత్మక అధ్యయనం చేసే రోజుల్లో, ఎవరినైనా రానిచ్చే ఒక బేత్ మిద్రాష్‌లో, అంటే అధ్యయనశాలలో, ఈ గ్రంథాలు చదవడం నేర్చుకున్నాను. నేను చెప్పింది ఒప్పుకోకపోతే రాయండి. అక్కడ అదే మర్యాద.

ప్రశ్న: తాల్ముద్‌కి ఇంగ్లిష్ అనువాదం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికితే ఉత్సాహంగా తెరిచాను. మొదటి వాక్యానికే బుర్ర తిరిగింది. ముందుమాట లేదు, పరిచయం లేదు. పైగా పేజీ నంబరు 2తో మొదలైంది. నేను చూసింది సరైన పుస్తకమేనా?
– ఒక రిటైర్డ్ టీచర్

సరైనదేనండీ. తాల్ముద్ అంటే మిష్నా అనే పాత చట్టాల సంకలనమూ, దాని మీద పండితుల చర్చా కలిసిన గ్రంథం. బాబిలోనియా తాల్ముద్‌లో దాదాపు ప్రతి భాగమూ రెండో ఆకుతోనే మొదలవుతుంది. 1520–1523 మధ్య వెనిస్‌లో డేనియల్ బోంబెర్గ్ అనే క్రైస్తవ ప్రచురణకర్త తాల్ముద్ మొత్తాన్ని మొదటిసారి అచ్చువేశాడు. ముఖపత్రం ఒకటో ఆకు కింద పోయింది, అసలు పాఠం రెండు నుంచి మొదలైంది. తర్వాత అచ్చేసినవాళ్ళంతా అదే లెక్క పాటించారు. ఎంత చదివినా మొదటి పేజీ ఇంకా చదవలేదని గుర్తుంచుకోవడానికే అలా పెట్టారని భక్తులు అంటారు. వినడానికి బాగుంది గానీ, నాకు ప్రెస్సువాళ్ళ లెక్కే నమ్మకంగా అనిపిస్తుంది.

ఇక బుర్ర తిరగడం సంగతి. మీరు తెరిచింది మొదటి భాగం బెరాఖోత్ అయి ఉంటుంది. 'సాయంత్రం షెమా ఎప్పటినుంచి చదవాలి?' అంటూ మొదలవుతుంది. షెమా అంటే యూదులు పొద్దునా సాయంత్రమూ చదివే వచనాలు. అవేమిటో, ఎందుకు చదవాలో ఒక్క ముక్క చెప్పదు. జవాబు ఇంకా విడ్డూరం: యాజకులు తమకు పంటలో వచ్చిన వంతు తినడానికి ఇంటికి వెళ్ళే వేళ నుంచి. ఈ మాటలున్న మిష్నాని రబ్బీ (అంటే యూదు మత పండితుడు) యెహూదా హనాసీ కూర్చింది క్రీ.శ. 200 ప్రాంతంలో. ఆ యాజకులు సేవ చేసిన ఆలయాన్ని రోమన్లు 70లోనే కూల్చేశారు!

వెంటనే కింద గెమారా, అంటే మిష్నా మీద బాబిలోనియా పండితుల చర్చ, ఏమని అడుగుతుందో చూడండి: 'ఈయన ఏ ఆధారంతో ఎప్పటినుంచి అంటున్నాడు? చదవాలని ఎక్కడ ఉంది గనక? పైగా పొద్దున్నది వదిలేసి సాయంత్రంతో ఎందుకు ఎత్తుకున్నాడు?' మీకొచ్చిన సందేహమే తాల్ముద్‌కి మొదటి సందేహం. జవాబు కూడా వెంటనే వస్తుంది. ద్వితీయోపదేశకాండంలో 'పడుకొనేటప్పుడు, లేచేటప్పుడు' అని ఉంది కాబట్టి పడుకోవడమే ముందు. అది చాలదంటే సృష్టి కథ చూడు, అస్తమయం ముందు, ఉదయం తర్వాత.

అచ్చు ప్రతిలో అయితే పేజీ నడుమ మిష్నా, గెమారా ఉంటాయి. పుస్తకం కుట్టు వైపు రాషీ వ్యాఖ్య, బయటి అంచు వైపు రాషీ మనవలూ వారి శిష్యులూ రాసిన తోసాఫోత్ అనే వ్యాఖ్యలు. రాషీ 1040–1105 మధ్య బతికాడు, ఫ్రాన్సులోని ట్రోయ్ పట్టణం వాడు. మల్లినాథుడు లేకుండా కాళిదాసుని చదవడం ఎలా ఉంటుందో, రాషీ లేకుండా తాల్ముద్ అలా ఉంటుంది. వాక్యం ఎక్కడ ఆగిందో, అది ప్రశ్నో జవాబో చెప్పే గుర్తులేవీ మూలంలో ఉండవు. అది చెప్పేది ఆయనే. అందుకే మీరు నేరుగా తాల్ముద్‌లో దూకకుండా, ఆదికాండానికి రాషీ రాసిన వ్యాఖ్యతో మొదలుపెట్టండి. ఆయన చెయ్యి పట్టుకుని నడవడం అలవాటైతే ఇక్కడికి తిరిగి రావచ్చు.

ప్రశ్న: యెషీవాల (యూదుల మత పాఠశాలల) వీడియోలు చూశాను. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని గట్టిగా అరుచుకుంటున్నారు. మా లైబ్రరీలో అలా చేస్తే బయటికి పంపేస్తారు. అది చదువా, గొడవా?
– పోటీ పరీక్షలకు ప్రిపేరవుతున్న విద్యార్థి

రెండూ. ఆ పద్ధతిని హవ్రూతా అంటారు. ఇద్దరు జోడీగా కూర్చుంటారు. ఒకరు పైకి చదువుతారు, రెండోవారు అడ్డుపడతారు. హాలులో యాభై జోడీలుంటే యాభై వాదనలు ఒకేసారి నడుస్తుంటాయి. నాకు మొదట్లో తలనొప్పి వచ్చేది. కొన్నాళ్ళకి ఆ హోరే లేకపోతే నిద్రొచ్చేది.

నా జోడీ ఒక రిటైర్డ్ అకౌంటెంట్, నాకంటే బాగా పెద్దావిడ. నేను 'అవును, నిజమే' అన్నానంటే ఆవిడకి నచ్చేది కాదు. 'ఒప్పుకోవడానికైతే ఇంత దూరం రావడం ఎందుకు? ఈ వాక్యంలో నీకు గుచ్చుకునేది ఏదీ లేదా?' అనేది. పెన్సిల్ వెనక వైపుతో పేజీ మీద టకటకా కొట్టేది. ఆ పెన్సిల్ మోత ఆగిందంటే నేనేదో పనికొచ్చే ప్రశ్న అడిగానన్నమాట.

ఆవిడ పద్ధతికి ఆధారం తాల్ముద్‌లోనే ఉంది. రబ్బీ యోహనాన్‌కి రేష్ లాఖిష్ అనే చదువు జోడీ. ఒకప్పుడు దోపిడీ దొంగ అని చెప్తారు. ఇద్దరికీ మాటామాటా పెరిగి మనసులు విరిగాయి, రేష్ లాఖిష్ జబ్బుపడి చనిపోయాడు. యోహనాన్ దిగులుపడిపోతే, ఓదార్చడానికి ఎలాజర్ బెన్ పెదాత్ అనే పండితుణ్ణి పంపారు. ఇతను యోహనాన్ ఏం చెప్పినా 'మీకు మద్దతుగా ఫలానా ఆధారం ఉంది' అంటూ వచ్చాడు. యోహనాన్ విసిగిపోయాడు. 'రేష్ లాఖిష్ అయితే నా మాటకి ఇరవై నాలుగు ఆక్షేపణలు తెచ్చేవాడు, నేను ఇరవై నాలుగు జవాబులిచ్చేవాణ్ణి, విషయం విచ్చుకునేది. నువ్వేమో ఆధారం ఉందంటావు. నేను చెప్పింది సరైనదని నాకు తెలియదా?' అని బట్టలు చింపుకుంటూ ఏడ్చాడు.

మీ ప్రిపరేషన్‌కి ఇది పనికొస్తుందా అని కూడా అడిగారు. సిలబస్ పూర్తిచేయడానికి పనికిరాదు, చాలా నెమ్మది. అర్థమైందనుకున్నది నిజంగా అర్థమైందో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి నేను చూడలేదు.

ప్రశ్న: 'కంటికి కన్ను, పంటికి పల్లు' అని మోషే ధర్మశాస్త్రంలో స్పష్టంగా ఉంది. రబ్బీలు దాన్ని డబ్బు పరిహారంగా మార్చారని మా జూరిస్‌ప్రుడెన్స్ క్లాసులో విన్నాను. అంత స్పష్టమైన వాక్యాన్ని ఎలా మారుస్తారు?
– లా విద్యార్థిని

ఈ ప్రశ్న కోసమే ఈ నెల శీర్షిక రాస్తున్నానంటే నమ్మండి. వాళ్ళు ఈ పని చేసిన చోటు తాల్ముద్‌లో బావా కమ్మా అనే భాగం ఎనిమిదో అధ్యాయం. అక్కడ మిష్నా కంటికి బదులు కన్ను తీయాలన్న ఊసే ఎత్తదు. ఒకరిని గాయపరిచినవాడు ఐదు పద్దుల కింద చెల్లించాలంటుంది: నష్టం, నొప్పి, వైద్యం, పని పోయినందుకు, అవమానం. నష్టం ఎలా లెక్కకట్టాలి? గాయపడిన మనిషిని బజారులో బానిసగా అమ్మితే మునుపు ఎంత పలికేవాడు, ఇప్పుడెంత పలుకుతాడు, ఆ తేడా. ఈ కాలంలో వింటే ఒళ్ళు జలదరిస్తుంది గానీ, లెక్క కట్టడానికి వాళ్ళకు తెలిసిన కొలమానం అది.

గెమారా మొదటి మాటే మీ మాట: 'ఎందుకలా? కంటికి కన్ను అంది కదా తోరా (మోషే ధర్మశాస్త్రం), నిజంగా కన్నే అనుకోవచ్చుగా?' ఆ తర్వాత రెండు పేజీల పాటు ఒక్కొక్కరు వచ్చి ఒక్కో ఆధారం పెడతారు. ఒకరు సంఖ్యాకాండం నుంచి తెస్తారు. అక్కడ హంతకుడి ప్రాణానికి బదులు డబ్బు తీసుకోవద్దని ఉంది. హంతకుడికే వద్దన్నారంటే, అవయవం పోగొట్టినవాడి దగ్గర తీసుకోవచ్చన్నమాట. ఇంకొకరు తర్కానికి దిగుతారు: ఒకడి కన్ను పెద్దది, రెండోవాడిది చిన్నది, సమానం ఎలా అవుతుంది? మరొకరు: గుడ్డివాడు ఇంకొకడి కన్ను పొడిస్తే ఏది తీస్తావు? అబాయే అనే పండితుడు చెప్పింది: కన్ను తీస్తుంటే ప్రాణం కూడా పోతే? అప్పుడది కంటికి కన్నూ ప్రాణమూ అవుతుంది.

మీరు గమనించాల్సిన విషయం ఏమిటంటే, వీటిలో చాలా వాదాలను తాల్ముదే కొట్టేస్తుంది. పెద్ద కన్ను, చిన్న కన్ను వాదం నిలవదు. మరి మరుగుజ్జు ఒక భారీ మనిషిని చంపితే మరణశిక్ష వేస్తున్నాంగా, అక్కడ కొలత చూశామా? గుడ్డివాడి వాదమూ నిలవదు. వీలైన చోట అమలు చేస్తాం, వీలుకాని చోట వదిలేస్తాం. చేరాల్సిన చోటు ముందే తెలిసినవాళ్ళు కూడా బలహీనమైన ఆధారాన్ని తమ పక్షమే కదా అని ఉంచుకోలేదు.

అన్నిటికంటే ఇబ్బందిపెట్టేది చివర్లో వస్తుంది. 'కంటికి కన్ను అంటే నిజంగా కన్నే' అని రబ్బీ ఎలియెజర్ అన్నట్టు ఒక వాక్యం ఉంది. గెమారా ఉలిక్కిపడుతుంది. ఇంతమంది చెప్పింది ఆయన వినలేదా? తంటాలుపడి సర్దుతుంది: వెల కట్టాల్సింది బాధితుడి కంటికి కాదు, పొడిచినవాడి కంటికి అని ఆయన భావమట. సర్దారు గానీ, అసలు వాక్యాన్ని చెరిపెయ్యలేదు.

పూర్వకాలంలో నిజంగా కన్ను తీసేవారా అంటారా? హమ్మురాబి శాసనంలో ఉన్నతవర్గం మనిషి కన్ను పోగొడితే పోగొట్టినవాడి కన్ను తీయాలని సూటిగానే ఉంది. తోరా వాక్యానికి మొదటి శ్రోతలు కూడా అలాగే అర్థం చేసుకుని ఉంటారనే నా ఊహ. వ్యాఖ్యానం చట్టాన్ని మార్చిందనే అంటాను. సంప్రదాయ యూదులు ఒప్పుకోరు. మౌఖిక తోరా, అంటే నోటిమాటగా తరతరాలుగా వచ్చిన బోధ, ద్వారా మొదటినుంచీ ఉన్న అర్థమే ఇది అంటారు.

ప్రశ్న: ఒక్క వచనానికి నాలుగు అర్థాలుంటాయని చదివాను. అలాంటప్పుడు ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకోవచ్చు కదా! ఇంక గ్రంథం ఎందుకు?
– ఇద్దరు ముగ్గురు పాఠకులు

నాలుగంటే: పెషాత్, తిన్నగా చదివితే వచ్చే అర్థం. రెమెజ్, సూచన. దెరాష్, తవ్వి తీసిన అర్థం. సోద్, రహస్యార్థం. నాలుగింటి తొలి అక్షరాలు కలిపితే పర్దేస్, అంటే తోట. రోజువారీ చదువులో తరచుగా నలిగేవి పెషాత్, దెరాష్ రెండే.

ఆదికాండం 22లో దేవుడు అబ్రాహాముతో అంటాడు: నీ కొడుకుని, నీ ఒక్కగానొక్కణ్ణి, నువ్వు ప్రేమించేవాణ్ణి, ఇస్సాకుని తీసుకో. పెషాత్ సులువు. ఒక్కో మాటా బరువు పెంచుతోంది. మిద్రాష్, అంటే దెరాష్ పద్ధతిలో రబ్బీలు చేసిన వ్యాఖ్యానం, ఇక్కడ ఆగుతుంది. ఇస్సాకు అంటే సరిపోయేదానికి నాలుగు మాటలెందుకు? ఎందుకంటే ఇది ఒకవైపు మాట కాదు, సంభాషణ. అబ్రాహాము జవాబులు మనకు వినపడటం లేదు, అంతే.

'నీ కొడుకుని.'
'నాకు ఇద్దరు కొడుకులు.'
'ఒక్కగానొక్కణ్ణి.'
'వాడు వాడి తల్లికి ఒక్కడే, వీడు వీడి తల్లికి ఒక్కడే.'
'నువ్వు ప్రేమించేవాణ్ణి.'
'ఇద్దరినీ ప్రేమిస్తాను.'
'ఇస్సాకుని.'

ఊరికే కల్పించారనిపిస్తుందా? ఒక అధ్యాయం వెనక్కి వెళ్ళండి. ఇష్మాయేలుని, అతని తల్లి హాగరుని అబ్రాహాము ఎడారిలోకి పంపేసింది అక్కడే, అదీ మనసు ఒప్పకుండానే. 'ఒక్కగానొక్కణ్ణి' అనగానే ఆ పెద్దకొడుకు గుర్తురాకపోతేనే వింత. మిద్రాష్ చేసింది పక్క అధ్యాయాన్ని మర్చిపోకుండా చదవడం. మంచి దెరాష్‌కి నేను పెట్టుకున్న గురుతు ఇదే. అది గ్రంథంలో నిజంగా ఉన్న ఎగుడుదిగుడు మీద కాలుపెట్టి లేస్తుంది. అలా కానివీ బోలెడున్నాయి, అవి చదివి నవ్వుకుని వదిలేయడమే.

తోచింది చెప్పడానికి అడ్డుకట్టలు కూడా ఉన్నాయి. హిల్లేల్ అనే పండితుడి పేర ఏడు సూత్రాలు, రబ్బీ ఇష్మాయేల్ పేర పదమూడు. రెండు చోట్ల ఒకే మాట ఉంది కదా అని ఒక చట్టాన్ని రెండో చోటికి మోయడం వాటిలో ఒకటి. అయితే గురువుల ద్వారా వచ్చినదైతేనే అది చెల్లుతుంది, సొంతంగా చేయకూడదని తాల్ముద్ కట్టడి చేసింది. ఇంకో మాటా ఉంది: వచనం తన తిన్నటి అర్థాన్ని ఎప్పుడూ వదులుకోదు. ఈ మాటని పట్టుకుని రాషీ మనవడు రాష్బామ్ తాతతోనే వాదించాడు. తనకి సమయం ఉంటే, రోజురోజుకీ కొత్తగా తోస్తున్న పెషాత్‌ల ప్రకారం మళ్ళీ వేరే వ్యాఖ్యలు రాసేవాణ్ణని తాతగారు ఒప్పుకున్నట్టు ఆదికాండం 37 దగ్గర రాసుకున్నాడు. అంతటి రాషీ!

ప్రశ్న: అక్షరాలకు అంకెలు పెట్టి తోరాలోంచి భవిష్యత్తు తీస్తారట. నిజమేనా?
– ఒక ఇంజనీర్

అంకెలు పెట్టే పద్ధతిని గెమత్రియా అంటారు, పాతదే. అబ్రాహాము 318 మంది సేవకులతో యుద్ధానికి వెళ్ళాడని ఉంది. అతని సేవకుడు ఎలియెజర్ పేరులోని అక్షరాలు కూడితే 318 వస్తుంది కాబట్టి వెళ్ళింది అతనొక్కడే అని తాల్ముద్‌లో ఒక చమత్కారం. దాన్ని భోజనం చివర్లో మిఠాయిలా తినాలి. కంప్యూటర్లో అక్షరాలు ఎగరేసి హత్యలు, యుద్ధాలు ముందే ఉన్నాయనే వ్యవహారం వేరు. ఏ పెద్ద పుస్తకంలో వెతికినా అలాంటివి దొరుకుతాయి.

ప్రశ్న: యూదులు కానివాళ్ళు వీటిని చదవొచ్చా? స్త్రీలను చదవనిస్తారా?
– ఒక గృహిణి

రెండిటి మీదా గొడవ పుస్తకంలోనే ఉంది. యూదుడు కానివాడు తోరా చదవకూడదని ఘాటుగా అన్నది యోహనాన్, ఇందాక ఏడ్చినాయనే. చదివితే అతను ప్రధాన యాజకుడితో సమానం అన్నది రబ్బీ మేయిర్. గెమారా ఇద్దరికీ మధ్య రాజీ కుదిర్చింది: తమకు వర్తించే ఏడు ఆజ్ఞల గురించైతే చదవొచ్చు. ఇప్పటి లోకంలో సెఫారియా వెబ్‌సైటులో ఎవరైనా మొత్తం చదువుకోవచ్చు, మతం ఎవరూ అడగరు.

కూతురికి తోరా నేర్పడం తండ్రి బాధ్యత అని బెన్ అజ్జాయ్ అంటే, నేర్పడమంటే చెడగొట్టడమే అని రబ్బీ ఎలియెజర్ అన్నాడు. చాలా శతాబ్దాలు ఈయన మాటే చెల్లింది. 1917లో క్రాకోలో సారా షెనీరర్ అనే దర్జీ పనిచేసే ఆవిడ అమ్మాయిల బడి పెట్టింది. అక్కడా తాల్ముద్ చెప్పలేదు. 2020 జనవరిలో తాల్ముద్ మొత్తం పూర్తిచేసిన ఆడవాళ్ళు జెరూసలేంలో వేలమందితో ఉత్సవం చేసుకున్నారు. అలాగని అన్ని సముదాయాల్లో తలుపులు తెరుచుకున్నాయని కాదు.

ప్రశ్న: దేవుడి మాట అంటూనే ఇంతలా వాదించుకోవడం అపచారం కాదా? స్వయంగా దేవుడే వచ్చి చెప్తే ఏం చేస్తారు?
– ఒక పాఠకుడు

ఆ పరిస్థితి వచ్చిందని తాల్ముద్‌లోని బావా మెత్సియా అనే భాగం 59వ ఆకులో కథ ఉంది. ముక్కలు కోసి మధ్యలో ఇసుక పెట్టి కట్టిన ఒక పొయ్యికి మైల అంటుతుందా లేదా అని చర్చ. అంటదన్నది 'నిజంగా కన్నే' అన్న మన రబ్బీ ఎలియెజర్ ఒక్కడే. వాదాలన్నీ అయిపోయాక, 'నా మాట నిజమైతే ఈ చెట్టు చెప్తుంది' అన్నాడు. చెట్టు లేచి వంద మూరల దూరం జరిగింది. చెట్టు సాక్ష్యం చెల్లదన్నారు. కాలువ వెనక్కి పారింది, అదీ చెల్లదన్నారు. అధ్యయనశాల గోడలు ఒరిగాయి. పండితులు వాదించుకుంటుంటే మీకేం పని అని రబ్బీ యెహోషువా గోడల్ని కసిరాడు. చివరికి ఆకాశవాణి: ఎలియెజర్ మాటే సరి. యెహోషువా లేచి నిలబడి 'ఇది ఆకాశంలో లేదు' అని ద్వితీయోపదేశకాండం వాక్యాన్నే తిరిగి అప్పజెప్పాడు. మెజారిటీ మాటే చెల్లుతుందన్నారు. అది విని దేవుడు నవ్వి 'నా పిల్లలు నన్ను ఓడించారు' అన్నాడట.

(మెజారిటీని అనుసరించాలనడానికి వాళ్ళు చూపించిన నిర్గమకాండం 23:2ని మొత్తం చదివి చూడండి. చెడు చేయడానికి గుంపు వెంట పోవద్దని ఉంటుంది. దెరాష్ ఎంత దూరం వెళ్ళగలదో తెలుస్తుంది.)

ఉపన్యాసాల్లో కథ ఇక్కడితో ఆపేసి చప్పట్లు కొట్టించుకుంటారు. నాకు అది నచ్చదు. పేజీ తిప్పితే మిగతాది ఉంది. గెలిచినవాళ్ళు ఎలియెజర్ మైల లేదన్నవన్నీ తెచ్చి తగలబెట్టారు, ఆయన్ని వెలివేశారు. ఆ కబురు చెప్పడానికి రబ్బీ అకీవా నల్లబట్టలు కట్టుకుని వెళ్ళి నాలుగు మూరల దూరంలో కూర్చున్నాడు. ఎలియెజర్ కంటనీరు పెట్టుకుంటే ఆలివ్, గోధుమ, బార్లీ పంటల్లో మూడోవంతు దెబ్బతింది. ఆయన భార్య ఇమా షాలోమ్ స్వయానా పెద్ద గురువు రబ్బాన్ గమ్లియేల్ చెల్లెలు. భర్త నేల మీద బోర్లాపడి తన గోడు దేవుడికి చెప్పుకుంటే అన్నకి ముప్పని భయపడి, అలా పడనివ్వకుండా కాపలా కాసేది. ఒకరోజు ఆమె కన్నుగప్పి పడ్డాడు, గమ్లియేల్ చనిపోయాడు. ఈ కథంతా ఎక్కడ పెట్టారనుకున్నారు? మాటలతో ఎదుటివాణ్ణి గాయపరచకూడదనే చట్టం కింద.

కాబట్టి అపచారమా అంటే, వాదించడం కాదు. వాదంలో గెలిచాక చేసిన పనిని తాల్ముద్ క్షమించలేదు. వెలివేసినా ఆయన మాటను పుస్తకంలోంచి తీసేయలేదు కూడా. మొదటి ప్రశ్నలో చూసిన షెమా గురించిన వాక్యంలో, అంటే తాల్ముద్ మొట్టమొదటి మిష్నాలో, మొదట వచ్చే పేరు ఎలియెజర్‌దే. అదే మిష్నాలో కాస్త దిగువన ఆయనతో విభేదిస్తూ ఉన్నది బావమరిది గమ్లియేల్.

ప్రశ్న: రోజుకో పేజీ చదివే దాఫ్ యోమీలో చేరమని స్నేహితుడు అంటున్నాడు. ఎన్నాళ్ళు పడుతుంది? మీ సలహా?
– ఒక ఐటీ ఉద్యోగి

మొత్తం 2,711 ఆకులు. రోజుకొక ఆకు, రెండు వైపులా. ఏడున్నరేళ్ళకి కాస్త తక్కువ. రబ్బీ మేయిర్ షపీరో 1923లో వియన్నా సభలో ప్రతిపాదించాడు, ఆ సెప్టెంబరులోనే మొదలైంది. పద్నాలుగో విడత 2020 జనవరి 5న మొదలైంది, 2027 జూన్ 7న ముగుస్తుంది, మర్నాడే పదిహేనోది. మధ్యలో ఏ ఆకు దగ్గరైనా ఎక్కొచ్చు.

నా సలహా అడిగారు కాబట్టి: కొత్తవాళ్ళకి ఆ వేగం ఎక్కువ. మూడోనాటికి వెనకబడతారు, టెన్షన్ మొదలవుతుంది, మానేస్తారు. వారానికో పరాషా, అంటే ఆ వారం సినగాగులో చదివే తోరా భాగం, రాషీతో కలిపి పెట్టుకోండి. ఆ స్నేహితుణ్ణే జోడీగా కూర్చోబెట్టుకోండి. అతను ప్రతిదానికీ తలూపే రకమైతే మాత్రం ఇంకొకరిని వెతుక్కోండి.